పరచిన షీటును ఎత్తుట మరువకండి



మిరప, టమాట, పుచ్చ తోటలలో బోదెలపై పరచే మల్చింగ్ షీటు మీకు తెలిసినదే. కలుపు అణగుతుంది, తడి నిలుస్తుంది. పరచుకోమని ఊరూరా తిరిగి చెప్పినవారిలో నేనూ ఒకణ్ణి. ఎట్లా పరచాలో చెప్పాను గాని, ఎట్లా ఎత్తాలో చెప్పలేదు. ఆ లోటు తీర్చుకొనుటకే నేటి ఈ ప్రసంగం.

కిందటేడు ఒక పుచ్చ తోటకు వెళ్లాను. కోత అయిపోయింది. ఎత్తడానికి కూలి దండగని రైతు షీటుమీదనే రోటవేటరు తిప్పించాడు. "అంతా మట్టిలో కలిసిపోయిందండీ" అన్నాడు. జానెడు లోతున తవ్వితే దోసెడు నల్లని పీలికలు వచ్చాయి. కలవలేదు, దాగింది!

పేడ చివుకుతుంది, ఆకు చివుకుతుంది. ఈ షీటు చివకదు, ముక్కలవుతుంది, అంతే. ముక్కలు పేరుకొన్నకొద్దీ నీరు దిగడానికీ, వేరు పారడానికీ అడ్డం. చైనాలో మరీ పలుచని షీట్లు ఏళ్ల తరబడి వాడగా పత్తి చేలలో ఈ పీలికలు పేరుకొన్నాయి. అందుచేత 2018 నుండి షీటు మందం 10 మైక్రాన్లకు తగ్గరాదని అక్కడ నిబంధన పెట్టారు. మేతకు వదిలిన పశువు పీలికలు మింగితే పెద్ద పొట్టలో అరగవు, ఉండ కడతాయి. పశువు మేత మానుతుంది, ప్రాణం మీదికి వస్తుంది.

కనుక ఏమి చేయవలెను?

మూడు నాలుగు నెలల పైరుకు 25 మైక్రాన్లకు తక్కువ షీటు కొనకండి. పలుచనిది చౌకే, కాని ఎండకు పెళుసెక్కి ఎత్తేటప్పుడు చేతికి రాదు.

కోత కాగానే మొక్కలు పీకి, డ్రిప్పు పైపులు తీసి, అంచుల మట్టిని పారతో వదులు చేసి షీటును చుట్టండి. నేలలో కొంచెం పదును ఉంటే తేలికగా వస్తుంది. దుక్కి ఆ తరువాతనే.

మట్టి దులిపి, మూటకట్టి, పాత ప్లాస్టిక్ కొనేవారికి వేయండి. మీ ఒక్కరిదీ కొద్దిగా ఉంటే పదిమందిదీ కలిపి పంపండి. కాల్చవద్దు, ఆ పొగ విషం.

వరిగడ్డి, చెరకు ఆకు దొరికేచోట అదే పరచండి. చివికి ఎరువవుతుంది, ఎత్తే పనే లేదు.

విస్తరణ శాఖ మిత్రులకు ఒక మనవి. షీటు పరచేరోజున రైతులను పిలుస్తున్నాము. ఎత్తేరోజున కూడా పిలుద్దాము.

భూమి మన తరువాత మన బిడ్డలది. పీలికలు లేని చేను వారికి అప్పగిద్దాము. సెలవు.