త్రాగి బండి నడుపుట: గ్రామపెద్దల బాధ్యత



గట్టు తగవులు, నీటి వంతులు, అన్నదమ్ముల పంపకములు మున్నగువానిని రచ్చబండయొద్ద చక్కబెట్టుట మన గ్రామపెద్దలకు తరతరములుగా వచ్చిన మర్యాద. ఉభయపక్షములవారును ఎదుట నుందురు. ఒకరు కొంత విడుతురు, ఒకరు కొంత ఒప్పుకొందురు, తగవు తీరును. త్రాగి బండి నడిపిన కేసు ఇట్లు తీరునది కాదు. ఏలయన, ఇందులో రెండవ పక్షమువాడు చీకటిలో ఎదురుగా నడచివచ్చు బాటసారి. అతని పేరైనను మన మెరుగము. అతని తరఫున రాజీపడుటకు మనకు అధికార మెక్కడిది?

చట్టమును ఈ భావమునే అనుసరించినది. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టములోని 185వ సెక్షను ప్రకారము, ఊపిరి పరీక్షలో 100 మిల్లీలీటర్ల రక్తమునకు 30 మిల్లీగ్రాములను మించి మద్యసారము కనబడెనేని అది నేరము. 2019 సవరణము పిమ్మట మొదటి తప్పునకు ఆరు నెలల వరకు ఖైదు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. మరల చేసినచో ఖైదు రెండేండ్ల వరకు పోవును, జరిమానా 15,000 రూపాయలగును. రోడ్డుమీదనే రుసుము కట్టి బయటపడు వెసులుబాటు ఈ నేరమునకు లేదు. మేజిస్ట్రేటు ఎదుట నిలువవలసినదే. తగిన కారణము లేక ఊపిరి ఊదుటకు నిరాకరించినచో, ఆ నిరాకరణము గూడ నిందితునికి ప్రతికూలముగా గ్రహింపబడవచ్చును.

దీనికంటె చిన్న నేరము, త్రాగి నలుగురిలో అల్లరి చేయుట. దీనికి 1860నాటి శిక్షాస్మృతి విధించిన జరిమానా 10 రూపాయలకు మించదు. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత దానిని 1,000 రూపాయల వరకు పెంచినది. 24 గంటల వరకు ఖైదు మునుపటివలెనే కలదు. సమాజసేవ చేయుమని ఆజ్ఞాపించు అధికారము మేజిస్ట్రేటునకు క్రొత్తగా వచ్చినది.

ఏండ్ల తరబడి ప్లీడరుగా కోర్టులలో మెలగినవాడను గనుక నేను కన్నది ఒకటి చెప్పెదను. ఒక రైతు కుమారుడు ఇట్లే పట్టుబడెను. కేసు లేకుండ చేసెదనని ఒక మధ్యవర్తి ధనము పుచ్చుకొనెను. అతని మాట నమ్మి కుర్రవాడు వాయిదాకు పోలేదు. వారంటు వచ్చెను. జరిమానా తప్పలేదు, ఇచ్చిన ధనము తిరిగి రాలేదు. నాట్లు వేయవలసిన దినములలో తండ్రి స్టేషను చుట్టును తిరుగవలసి వచ్చెను.

కావున మీ యొద్దకు అట్టి తండ్రి వచ్చినపుడు మొదట పోలీసువారిచ్చిన కాగితమును చదివి, ఏ సెక్షనో, వాయిదా ఏనాడో చూచి చెప్పుడు. ఆనాడు కుర్రవాడు తప్పక పోవునట్లు చూడుడు. నేరము ఒప్పుకొనుటకు ముందు ప్లీడరుతో మాటాడుమనుడు. ఒప్పుకొన్నచో అది శిక్షగా నమోదగును, మరియొకసారి పట్టుబడిన దినమున లెక్కకు వచ్చును. ఎవరినైనను అరెస్టు చేసినచో, ప్రయాణకాలము గాక, 24 గంటలలోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరు పరుపవలెను. ప్లీడరును పెట్టుకొను శక్తి లేని పేదలకు 1987 చట్టము ఉచిత న్యాయసహాయము కల్పించినది. మండల న్యాయ సేవాధికార సంఘమును అడుగవచ్చును, 15100 నంబరునకు ఫోను చేయవచ్చును.

ఇంకొక మాట పెద్దలకే తగులునది. మైనరు బాలుడు మోటారు బండి నడిపి నేరము చేసినచో, 2019 సవరణము ననుసరించి సంరక్షకుడును బండి యజమానియు దోషులుగా భావింపబడుదురు. తమకు తెలియకుండ జరిగినదనియో, తాము తగిన జాగ్రత్త వహించితిమనియో రుజువు చేసికొననిచో వారికి మూడేండ్ల వరకు ఖైదు, 25,000 రూపాయల జరిమానా కలవు.

పెండ్లివిందు నాడును, జాతర నాడును త్రాగినవాని చేతినుండి తాళముచెవి అడిగి పుచ్చుకొనుటకు ఏ చట్టమును అక్కరలేదు, పెద్దరికము చాలును. ఆ రాత్రికి వాడు అలుగును. తెల్లవారిన పిమ్మట చెవి ఇచ్చి పంపుడు. ఆ బాటసారియు అప్పటికి క్షేమముగా ఇల్లు చేరియుండును.