ఐదో నెలలో బిడ్డ గుండె చూడాలి



నేను డాక్టర్ని కాను, బడిపంతులమ్మని. అయినా మా పిల్లల తల్లులు స్కాన్ కాగితాలు నా దగ్గరికే తెస్తారు. చాలామంది తెచ్చేసరికి ఏడో నెల దాటిపోతుంది.

కడుపులోని బిడ్డ గుండెను చూడడానికి 18 నుంచి 22 వారాలు అనువైన సమయం. అప్పటికి నాలుగు గదులూ తెరమీద విడివిడిగా కనిపిస్తాయి. ఆలస్యమైతే పక్కటెముకలు గట్టిపడి నీడలు అడ్డొస్తాయి. అయితే గదులు చూసి ఊరుకుంటే చాలదు. గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద రక్తనాళాలు ఒకదాన్నొకటి దాటుతున్నాయా అనీ చూడాలి. అవి తారుమారైనా గదులు మామూలుగానే కనిపించవచ్చు. పుట్టాక గంటల్లోనో రోజుల్లోనో బిడ్డ నీలంగా మారిపోతుంది. ముందే తెలిస్తే పిల్లల గుండె వైద్యం ఉన్నచోటే కాన్పు చేయించవచ్చు. రక్తం ఎటు పారుతోందో కలర్ డాప్లర్ చూపిస్తుంది.

గర్భానికి ముందునుంచే షుగరున్నా, మొదటి బిడ్డకు గుండెలోపం ఉన్నా, టిఫా స్కాన్‌తో సరిపెట్టుకోకుండా ఫీటల్ ఎకో చేయించాలి. దగ్గర చుట్టరికంలో పెళ్లయినవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. మన ఇళ్లలో అదేమీ దాచుకునే విషయం కాదు కదా!

కాన్పు ఖర్చుకు సాయమడిగితే మీరు వెంటనే ఇస్తారు. ఐదో నెల స్కానుకూ, పట్నం వెళ్లే బస్సు చార్జీకీ అంతే వెంటనే ఇవ్వమని అడగడానికే ఈరోజు నిలబడ్డాను.