‘ఏమీ లేదు’ అన్న నివేదికను తనిఖీ చేయడం ఎలా?

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



మమ్మల్ని మాట్లాడమన్నారంటే ఆడిట్ అభ్యంతరాలు, వాటా ధనం, బోనసు పంపకం గురించి చెబుతామని మీరు అనుకుని ఉంటారు. ఈ పూట వాటిని పక్కన పెట్టి రోగాల లెక్క గురించి మాట్లాడదలిచాము. మేము డాక్టర్లం కాము. సహకార డిప్లొమా చదువుకుని, ముప్ఫై ఏళ్లుగా రిజిస్టర్లు తిరగేస్తున్నవాళ్లం. కాని రోగాలను కనిపెట్టే పని కూడా చివరికి ఒక రిజిస్టరు మీదే ఆధారపడుతుంది. ఆ రిజిస్టరు నిజం చెబుతోందా లేదా అని చూడటంలో మాకు కొంత అనుభవం ఉంది.

ముందు మీ పాల కేంద్రం సంగతే తీసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో ఒక్క పూట కూడా పాలు పులియలేదని, ఒక్క క్యాను కూడా వెనక్కి రాలేదని రాసి ఉంటే మేము మెచ్చుకోము. ఇంకో చోట అరవై మంది పోసే పాలకు పది రోజులపాటు ఒకే వెన్న శాతం ఉంటుంది. అంటే పరీక్ష చేయలేదన్నమాట. మచ్చ లేని రిజిస్టరును చూస్తే మాకు మొదట కలిగేది అనుమానమే.

ప్రజారోగ్యంలో పెద్ద పనులు చేసినవాళ్లూ ఇలాగే ఆలోచించారు. మశూచిని తరిమిన రోజులు మీలో పెద్దవాళ్లకు గుర్తుండవచ్చు. 1973 చివరి నుంచి ఆరోగ్య కార్యకర్తలు మశూచి సోకిన బిడ్డ బొమ్మ కార్డు పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. తిరిగామని వాళ్లు చెప్పిన మాటను పైవాళ్లు అంతటితో ఊరుకుని నమ్మలేదు. కొన్ని ఊళ్లను ఎంచి, వెనకాలే వేరే మనుషుల్ని పంపించారు. ‘మీ ఇంటికి ఎవరైనా వచ్చారా? బొమ్మ చూపించారా? రోగం సంగతి చెబితే బహుమానం ఉందని మీకు తెలుసా?’ అని అడిగించారు. రోగం తగ్గేకొద్దీ ఆ బహుమానాన్ని పెంచుతూ పోయారు. 1975 నాటికి అది వెయ్యి రూపాయలు. రోగం అరుదయ్యాక దాన్ని కనిపెట్టడం మరీ కష్టం గదా. ఆ ఏడాది మే నెలతో మన దేశంలో మశూచి ఆగిపోయింది. 1980లో ప్రపంచమంతటా పోయిందని ప్రకటించారు.

పోలియో విషయంలో చేసింది ఇంకా చిత్రమైనది. 1997 నుంచి మన దేశంలో పిల్లలకు కాలో చెయ్యో హఠాత్తుగా చచ్చుబడితే, అది పోలియో అయినా కాకపోయినా, ప్రతి కేసునూ తెలియజేయాలన్నారు. వేరే కారణాల వల్ల కూడా పిల్లలకు కాళ్లు పడిపోతుంటాయి. పదిహేనేళ్లలోపు పిల్లలు లక్ష మంది ఉంటే, ఏడాదికి కనీసం ఒక్కరికైనా పోలియో కాని ఇలాంటి కేసు బయటపడాలి. ఒక్కటీ రాలేదంటే అక్కడి పిల్లలందరూ బాగున్నారని కాదు, అక్కడ ఎవరూ చూడటం లేదని అర్థం. అంటే లేని రోగాన్ని వెతకడం సరిగా జరుగుతున్నదో లేదో, ఉన్న రోగాల లెక్కతో కొలిచారు. కేసు దొరికితే సరిపోదు. కాలు పడిపోయిన పద్నాలుగు రోజుల్లోపు, ఒకదానికీ ఇంకొకదానికీ ఇరవై నాలుగు గంటల ఎడంతో రెండు మల నమూనాలు తీయాలి. వాటిని చల్లగా ఉంచి ప్రయోగశాలకు చేర్చాలి. నూటికి ఎనభై కేసుల్లోనైనా ఇది సరిగా జరగాలి. చల్లదనం తప్పితే నమూనా ఏమవుతుందో పాలవాళ్లకు మేము చెప్పాలా? 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజ పోలియో వైరస్ కేసు కనపడలేదు. అయినా మూడేళ్లు వెతుకుతూనే ఉండి, 2014 మార్చిలో గాని పోలియో లేని ప్రాంతమన్న ధ్రువపత్రం రాలేదు.

మిగతా జబ్బుల కోసం 2004లో సమగ్ర వ్యాధి నిఘా పథకం వచ్చింది. ఆరోగ్య కార్యకర్త ఒక ఫారం, డాక్టరు ఒకటి, ప్రయోగశాల ఒకటి, మూడూ వారం వారం పంపేవారు. జబ్బు లేకపోతే లేదని కూడా రాయాలి. రాయకపోవడం వేరు, లేదని రాయడం వేరు. 2021 నుంచి ఇదంతా కంప్యూటరు మీదికి వచ్చింది. అయితే చేత్తో రాసే రోజుల కన్నా ఇప్పుడు ‘నిల్’ అని నొక్కడం మరీ తేలికైపోయిందని మా భయం.

ఇప్పుడు మా తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక సంఘాన్ని తనిఖీ చేశాము. ఊరి పేరు చెప్పము. ఎనిమిది రోజుల్లో పాల సేకరణ మూడో వంతు పడిపోయి ఉంది. ఎదురుగా కారణం ‘వానలు’ అని రాసి ఉంది. నిజంగానే వానలు పడుతున్నాయి. మేము ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టి, టీ తాగి వచ్చేశాము. తర్వాతి వారం వాగు అవతలి సంఘానికి వెళితే గేదెలు చొంగ కారుస్తూ, గిట్టలు పుండై కుంటుతూ ఉన్నాయి. గాలికుంటు. అది మొదటి ఊళ్లో అప్పటికే ఉంది. పశువైద్యశాల నివేదికలో మాత్రం ఆ వారం కూడా ‘ఏమీ లేదు’ అనే ఉంది. డాక్టరుగారు అబద్ధం రాయలేదు, ఆయనకు ఎవరూ చెప్పలేదు. కార్యదర్శిని అడిగితే, ‘జబ్బని రాస్తే వ్యాను రాదేమోనని, ఊరంతా నా మీద పడతారేమోనని భయపడ్డాను సార్’ అన్నాడు. వాగు అవతల ఒక్క గేదె మీద బతికే ముసలమ్మకు ఆ ఈత పాలు పోయాయి. మేము ఆ రోజు కొట్టం దాకా నడిచి ఉంటే వారం ముందే తెలిసేది.

అక్కడ అందరికన్నా ముందు జబ్బును పట్టుకున్నది పాల రిజిస్టరు. కాని దాన్ని జబ్బు రిజిస్టరు పక్కన పెట్టి చూసినవాడు లేడు. నిఘా బాగుందా లేదా తేల్చడానికి ఇంతకన్నా మంచి పద్ధతి మాకు తెలియదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు లెక్కలు తీసుకుని ఎదురెదురు పెట్టాలి. పాలు తగ్గిన వారాలను పశువైద్యశాల నివేదికతో పోల్చి చూడండి. మందుల దుకాణంలో జ్వరం బిళ్లలు ఎక్కువ పోయిన వారాన్ని ఆరోగ్య ఉపకేంద్రం లెక్కతో సరిచూడండి.

తేదీలు కూడా చూడాలి. పశువు మేత మానిన రోజు, మీకు తెలిసిన రోజు, డాక్టరుకు చెప్పిన రోజు, నమూనా వెళ్లిన రోజు, ఫలితం తిరిగి వచ్చిన రోజు. ఈ అయిదూ రాస్తే ఆలస్యం ఎవరి దగ్గర ఉందో తగాదా లేకుండా తెలుస్తుంది. చివరి తేదీ చాలా చోట్ల ఖాళీగా ఉంటుంది. నమూనా పట్టుకుపోయి ఫలితం చెప్పకపోతే, రెండోసారి ఏ రైతూ కబురు పెట్టడు. ఈ మాట మేము పై అధికారుల దగ్గర కూడా అంటూనే ఉన్నాము. సంఘానికి పాలు పోయనివాళ్ల ఇళ్లు, ఊరికి దూరంగా ఉన్న గుడిసెలు లెక్కలోకి వచ్చాయా అన్నది కూడా అడగండి.

ఈసుకుపోవడం సంగతి తప్పక రాయండి. చూడి నిండబోయే నెలల్లో ఈసుకుపోతే దిష్టి తగిలిందని ఊరుకుంటారు. అది బ్రూసెల్లోసిస్ కావచ్చు. ఆ పశువుకు పురుడు పోసిన మనిషికి వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులు పట్టుకుంటే మామూలు జ్వరమని రాసుకుంటారు. పశువు కథ పశువైద్యుడి దగ్గర, మనిషి కథ మనుషుల డాక్టరు దగ్గర, రెండూ ఎప్పుడూ కలవవు. పాలు కాచి తాగితే భయం లేదు. ఈసుకుపోయిన దాన్ని, మాయను వట్టి చేతులతో తీయకండి. నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్య దూడలకు టీకా ఒక్కసారి వేస్తారు. గాలికుంటుతో పాటు దీనికీ 2019లో జాతీయ కార్యక్రమం మొదలైంది.

2009 చట్టం ప్రకారం షెడ్యూలులో ఉన్న అంటురోగం వస్తే తెలియజేయడం యజమాని విధి. కాని మా మిత్రుడు ఆ కార్యదర్శి చెప్పినట్టు, రాసినవాడికి నష్టం వస్తుందంటే చట్టం ఉన్నా ఎవరూ రాయరు. కాబట్టి అధ్యక్షులు ముందుగానే పాలకవర్గంలో తీర్మానం చేయండి. జబ్బు చెప్పిన సభ్యుడిని సంఘం తప్పు పట్టదని, అలా చెప్పినందుకు అతని సభ్యత్వానికి గాని బోనసుకు గాని అడ్డు రాదని రాసుకోండి. దినసరి పాల రిజిస్టరులో చివర ఒక గడి గీసి ‘పశువు ఆరోగ్యం’ అని పెట్టండి.

వచ్చే తనిఖీలో మేము నగదు పుస్తకం కన్నా ముందు ఆ గడినే చూస్తాము. ఏడాదంతా ఖాళీగా ఉంటే కొట్టాల వైపు నడుస్తాము, మీరూ రావాలి. భోజనాల వేళయింది. పశువైద్యులు డాక్టరుగారు ఇక్కడే ఉన్నారు, టీకా తేదీలు ఆయన్నే అడిగి రాసుకోండి.