లెక్కకు రాని రెండున్నర గంటలు

(ఇంటి దగ్గర పనిచేసే స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నా చేతిలో ఉన్న ఈ చెవి దుద్దు చూడండి. రూపాయి బిళ్ల కంటే చిన్నది. మధ్యలో ఆరు రేకుల పువ్వు. ఈ పువ్వును ఎవరూ కుంచెతో వేయలేదు. పాలిమర్ క్లే అనే రంగు ముద్దతో చేశారు. మట్టి అని పేరే గానీ, అది పి.వి.సి. ప్లాస్టిక్‌కు మెత్తదనమిచ్చే ద్రవం కలిపిన పదార్థం.

మడతకాజా చేసిన వాళ్లకు ఇందులో కిటుకు వెంటనే అర్థమవుతుంది. పొరలు పేర్చి చుట్టిన పిండిని ఎక్కడ కోసినా అదే చుట్ట కనిపిస్తుంది కదా! ఇక్కడా అంతే. రేకులకు కొన్ని కడ్డీలు, మధ్య బొడ్డుకు ఒకటి, సందుల్లో వేరే రంగు పెట్టి లావాటి దిమ్మె కడతారు. దాన్ని కేన్ అంటారు. తర్వాత అన్ని వైపులా సమంగా నొక్కుతూ సాగదీస్తారు. దిమ్మె సన్నబడే కొద్దీ లోపలి పువ్వూ చిన్నదవుతుంది. అది చెదరకుండా చూడటంలోనే నైపుణ్యమంతా ఉంది.

ఒక బస్తీలో ఈ పని చేసే ఐదుగురు స్త్రీల దగ్గర కూర్చుని, గడియారం చూసి లెక్క రాశాను. ముద్ద పిసకడం, రంగులు కలపడం, పేర్చడం, సాగదీయడం అన్నీ కలిపి రెండున్నర గంటలు. 4 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల మందం ఉన్న కేన్‌ను 2 సెంటీమీటర్ల మందానికి తెస్తే పొడవు 16 సెంటీమీటర్లయింది. రెండు కొసల్లో బొమ్మ చెదిరిన భాగం రెండేసి సెంటీమీటర్లు తీసేశాం. మిగిలినదాన్ని 2 మిల్లీమీటర్ల చొప్పున కోస్తే 60 బిళ్లలు వచ్చాయి. ఒక్కో బిళ్ల కోయడానికి అర నిమిషం పట్టదు. దాని వెనక కేన్ పని మాత్రం రెండున్నర నిమిషాలుంది.

వ్యాపారి కూలి కట్టేది కోసి, కాల్చి, కొక్కెం తగిలించిన బిళ్లకే. కేన్ సంగతి అడిగితే, "అది పనికి ముందు పనమ్మా" అన్నాడట. "ఆ రెండున్నర గంటలూ నేను టీవీ చూశానని రాసుకోండి మేడమ్, లెక్క సరిపోతుంది" అందొకామె. అందరం నవ్వాం. కానీ నా ప్రశ్నావళిలోనూ "రోజుకు ఎన్ని బిళ్లలు చేస్తారు?" అనే ఉంది. అంతకు ముందు చేసే పని గురించి ఒక్క ప్రశ్నా లేదు. వ్యాపారి వదిలేసిన శ్రమనే పరిశోధకురాలినైన నేనూ వదిలేశాను.

ఓవెన్, కరెంటు బిల్లు కూడా ఆమెవే. ప్యాకెట్ మీద చెప్పిన వేడిలో, సాధారణంగా 110 నుంచి 130 డిగ్రీల సెంటీగ్రేడ్‌లో కాల్చాలి. మాడితే హానికరమైన పొగ వస్తుంది. వంటా, పిల్లలూ, ఈ పనీ ఒకే గదిలో ఉన్నప్పుడు ఆ ప్రమాదం ఎవరి ఖాతాలో రాయాలి?

కేన్ పద్ధతి గాజు పని నుంచి వచ్చింది. ఇటలీలో వెనిస్ పక్కనున్న మురానో దీవి గాజుకు ప్రసిద్ధి. అక్కడి మేస్త్రీల పేర్లు చరిత్రకెక్కాయి. గాజు పూసలను దారాలకు గుచ్చిన స్త్రీలు మధ్యవర్తుల దగ్గర పని తెచ్చుకుని, ఇళ్ల ముందు కూర్చుని, ముక్క కూలికి చేసేవారు. 1904లో వాళ్లు సమ్మె చేశారు. ఇంటి దగ్గర పనిచేసే స్త్రీలు ఒక్కటి కాలేరనే వాళ్లకు ఆ సంగతి గుర్తు చేయాలి.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన 177వ ఒడంబడిక, వేతనంతో సహా పలు విషయాల్లో ఇంటి దగ్గర పనిచేసేవారిని సాధ్యమైనంత వరకు మిగతా కార్మికులతో సమానంగా చూడాలంటుంది. మన దేశం దాన్ని ధ్రువీకరించలేదు. ఆ డిమాండ్ మనం వదలకూడదు. ఈలోగా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. రేటు మాట్లాడేటప్పుడు బిళ్ల దగ్గర మొదలుపెట్టకండి, కేన్ దగ్గర మొదలుపెట్టండి. ముద్ద చేతిలోకి తీసుకున్న నిమిషం నుంచి నోటుబుక్కులో రాయండి.

ఆ ఐదుగురూ ఇప్పుడు రాస్తున్నారు. రేటు ఇంకా పెరగలేదు. కానీ కేన్‌కు విడిగా కూలి అడిగారు, ఐదుగురూ కలిసే వెళ్లి అడిగారు.