పనిచోట మన పేరు

ముందు వరుసలో మన కులపెద్దల పక్కనే అరటి వ్యాపారులు, ఇటుక బట్టీల యజమానులు, ఒకరిద్దరు స్కూలు కరస్పాండెంట్లు కూర్చున్నారు. చాలా సంతోషం. చట్టం గురించి మనలో మనం చెప్పుకోవడం వేరు, పని ఇచ్చేవారు ఎదురుగా ఉండగా మాట్లాడుకోవడం వేరు.

ముందు ఒక పాత సంగతి. 1871లో వచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911లో మన మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకలవాళ్లు పుట్టుకతోనే దొంగలని ప్రభుత్వమే కాగితం మీద రాసుకుంది. 1913లో బాపట్ల దగ్గర స్టువార్టుపురం సెటిల్‌మెంట్ పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించారు. అక్కడివాళ్లు హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా పొలిమేర దాటకూడదు. చీరాల పొగాకు కంపెనీలో పనికి ఆ సెటిల్‌మెంటు నుంచి మనవాళ్లను పంపేవారు. చూడండి, పోలీసుకి దొంగ అయినవాడు కంపెనీకి మాత్రం ఎక్కడికీ పోలేని కూలీ! ముద్ర వల్ల ఎవరికి లాభమో అక్కడే తెలుస్తుంది.

1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా రద్దయింది. అలవాటు మాత్రం పోలేదు. గల్లాపెట్టెలో ఐదువందలు తగ్గితే ముందు ఎవరి సంచి వెతుకుతారో ఈ సభలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

యజమానులు ఈ మాట కాస్త శ్రద్ధగా వినాలి. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అనగానే కులం పేరుతో తిట్టడం ఒక్కటే గుర్తొస్తుంది. ఎస్టీల మీద అబద్ధపు కేసు, కక్షతో కేసు పెట్టడం కూడా అందులో నేరమే. ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు, జరిమానా. పోయిన సొమ్ముకి ఫిర్యాదే చేయొద్దని నేను అనడం లేదు. ఆ పూట కౌంటర్లో ఉన్న నలుగురినీ ఒకేలా అడగండి. కెమెరా ఉంటే చూడండి. స్టేషన్ ఆ తరవాత.

ఇక తిట్లు. "మా కొట్లో మేం అనుకున్న మాట కేసెలా అవుతుంది?" అంటారు కొందరు. 2008లో సుప్రీంకోర్టు ముందుకు స్వరణ్ సింగ్ కేసు వచ్చింది. గేటు దగ్గర కారు పక్కన నిలబడ్డ డ్రైవర్‌ని కులం పేరుతో అవమానించారన్నది అందులో ఆరోపణ. స్థలం సొంతదే అయినా బయటి జనానికి కనబడేచోటయితే చట్టం వర్తిస్తుందని కోర్టు చెప్పింది. 2020లో హితేష్ వర్మ కేసులో, నాలుగు గోడల మధ్య బయటివాళ్లెవరూ లేనప్పుడు అన్న మాట ఆ సెక్షన్ కిందికి రాదని కూడా అంది. ఇది మనవాళ్లూ తెలుసుకోవాలి. విన్నవాళ్లెవరో అప్పుడే రాసిపెట్టుకోకపోతే తరవాత కష్టం. మన అరటి మార్కెట్లో లారీకి గెలలు ఎక్కుతున్నప్పుడు మేస్త్రీ అరిస్తే మాత్రం, అక్కడ నాలుగు గోడలెక్కడున్నాయండీ?

2016 జనవరి 26 నుంచి అమలైన సవరణతో ఆర్థిక బహిష్కారం కూడా నేరాల్లో చేరింది. ఫలానావాళ్లను పనికి పిలవొద్దని కట్టుబాటు పెట్టినా, పెడతామని బెదిరించినా తప్పే.

బట్టీల దగ్గర అడ్వాన్సు ఇంకో సమస్య. అడ్వాన్సు తీరేదాకా కదలడానికి వీల్లేదని కుటుంబాన్ని ఆపితే అది వెట్టి. 1976 చట్టం ప్రకారం వెట్టి కిందికి వచ్చిన ఆ బాకీ చెల్లదు, ఆపినవారికి మూడేళ్ల దాకా శిక్ష పడొచ్చు. లెక్క పుస్తకం ఒకటి కూలీ దగ్గర కూడా ఉంచండి. ఇద్దరికీ మంచిది.

చట్టంలో పెద్ద వెలితి ఒకటుంది, దాచను. సమాన అవకాశం చెప్పే రాజ్యాంగం 16వ అధికరణ సర్కారు కొలువులకే. ఒక ప్రైవేటు స్కూలు మన పిల్ల ఇంటిపేరు విని "కబురు చేస్తాం" అని పంపేస్తే, దాన్ని ఆ అధికరణ పట్టుకోదు. అందుకే కరస్పాండెంటు గార్లని అడుగుతున్నాను: ఎవరిని తీసుకున్నారు, ఎవరిని ఎందుకు వద్దన్నారు అన్నది ఒక్క వాక్యమైనా ఫైల్లో రాయండి. రాయాల్సి వచ్చినప్పుడు చెయ్యి కొంచెం ఆగుతుంది.

మనవాళ్లకి: ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, మండల న్యాయ సేవాధికార కమిటీలో అడగండి. ఫోన్ నంబరు 14566 కూడా రాసుకోండి. పెన్ను లేనివాళ్లకి మన కుర్రాళ్లు చీటీలు పంచుతున్నారు.