ర్యాంపు ఉంది సరే, ఎక్కగలమా?

ఈరోజు మీకు ఒక చిన్న పని చెప్తా. చేతిల ఫోను, ఐదు నిమిషాల టైం ఉంటే చాలు. కానీ ముందుగా ఒక అన్న గురించి చెప్పాలె.

కరీంనగర్ దగ్గర ఒక ఊరు. అన్న గీత కార్మికుడు. తాటిచెట్టు మీద నుంచి పడ్డడు, వెన్నుపూస దెబ్బతిన్నది. అప్పటి నుంచి వీల్‌చైర్‌లనే. మన దిక్కు ఇది కొత్త సంగతి కాదు, మీ ఊర్లో గూడా ఇట్లాంటి అన్న ఒకరు ఉండే ఉంటరు. గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇచ్చుడు 2024లో మొదలైంది. మంచిదే. మరి అంతకు ముందే పడ్డోళ్ల సంగతేంది?

ఈ అన్న టౌన్‌కు పోయే రోజు పొద్దున్నుంచి మంచినీళ్లు తాగడు. ఎందుకన్నా అంటే, "తాగితే బాత్రూంకు పోవాలె గదా తమ్మీ. అక్కడ నా బండి పట్టే బాత్రూం ఏది?" అన్నడు. వెన్నుపూస దెబ్బ ఉన్నోళ్లు నీళ్లు తక్కువ తాగితే మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఎక్కువ. అంటే ఒక తలుపు ఇరుకుగా ఉంటే, దాని ఖర్చు ఈయన ఒంటి మీద పడుతున్నది.

మీరు అనొచ్చు, "మనోళ్లు మంచోళ్లే గదా, ఇద్దరు పట్టుకుని మెట్లెక్కిస్తరు" అని. నిజమే, ఎక్కిస్తరు. కానీ ప్రతిసారి ఎవర్నో బతిమాలి, నలుగురి ముందు బస్తా లెక్క ఎత్తించుకుని లోపలికి పోవుడు ఎట్లుంటదో ఒక్కసారి ఆలోచించండి. పట్టు జారితే మళ్లీ దెబ్బ. సాయం చేసేటోళ్ల మీద కోపం కాదు, సాయం అడగకుండా పోయే దారి ఎందుకు లేదన్నదే ప్రశ్న.

2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు వచ్చినయ్. పాత ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది. పాత కరీంనగర్‌ల నుంచి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల విడివడ్డయి. ఆఫీసులు జనానికి దగ్గరైనయ్. కానీ వీల్‌చైర్ మీదున్న మనిషికి ఆఫీసు ఎంత దగ్గరికొచ్చినా, ముందున్న మూడు మెట్లు మాత్రం అంతే దూరం.

బస్సు సంగతి గూడా చూడండి. 2023 డిసెంబర్ 9 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు బస్సు ఫ్రీ. కానీ ఉట్నూరు దిక్కు ఒక గూడెంలో వీల్‌చైర్ మీదున్న అక్క ఆదిలాబాద్‌కు రావాలంటే, టికెట్ సున్నా అయినా పల్లెవెలుగు బస్సు మెట్టు ఆమెకు అందదు. ఆటో మాట్లాడుకోవాలె, డబ్బులు పెట్టుకోవాలె. ఫ్రీ అన్నది ఎక్కగలిగినోళ్లకే.

మరి చట్టం లేదా? ఉన్నది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్నది. దాని ప్రకారం అందరూ వాడుకునేటట్టు ప్లాన్ లేకపోతే కొత్త బిల్డింగ్‌కు పర్మిషనే ఇవ్వొద్దు. పాత పబ్లిక్ బిల్డింగులను ఐదేళ్లలో మార్చాలె. రూల్స్ 2017 జూన్‌లో వచ్చినయ్, అంటే 2022 జూన్‌కు గడువు. అవసరాన్ని బట్టి పొడిగించే వీలు ఉన్నదనుకోండి. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు ఇంకో ముఖ్యమైన మాట చెప్పింది. రూల్స్‌లో ఉన్నవి సలహాల లెక్క ఉన్నయ్, తప్పనిసరిగా పాటించే రూల్స్ వేరుగా తయారు చెయ్యండని కేంద్రానికి మూడు నెలల టైం ఇచ్చింది. ఆ కేసులో కోర్టు చూసిన రిపోర్టు మన హైదరాబాద్ నల్సార్ యూనివర్సిటీ వాళ్లు తయారు చేసిందే.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. చాలా చోట్ల ర్యాంపు ఉంటది. ఫోటోల కనిపిస్తది. కానీ ఎక్కగలమా? లెక్క సింపుల్. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడుగు. మూడు మెట్లు కలిపి అడుగున్నర ఉంటే 18 అడుగుల ర్యాంపు కావాలె. ఆరడుగుల్లో లేపేస్తే అది ర్యాంపు కాదు, జారుడుబండ. ఎక్కితే బండి వెనక్కి పడతది, దిగితే ఆగదు.

ఫోన్‌లో లెవెల్ చూపించే యాప్ ఓపెన్ చేసి, ర్యాంపు మీద ఫోన్‌ను పొడుగ్గా పెట్టండి. ఒకటికి పన్నెండు అంటే సుమారు 4.8 డిగ్రీలు. 5 దాటి చూపిస్తున్నదంటే అనుమానించాల్సిందే.

తర్వాత గేటు నుంచి బాత్రూం దాకా వీల్‌చైర్ మీద పోతున్నట్టు ఊహించుకుని నడవండి. గేటు ముందర మోరీ ఉన్నదా? ర్యాంపుకు అడ్డంగా బైకులు పెట్టిన్రా? తలుపు 90 సెంటీమీటర్లు ఉన్నదా? కౌంటర్ కూర్చున్న మనిషికి అందుతదా? బాత్రూంకు తాళం వేసి, లోపల చీపుర్లు, డబ్బాలు పెట్టిన్రా? వీటిల ఒక్కటి తెగినా మిగిలినవన్నీ ఉండి లాభం లేదు.

ఫోటోలు తియ్యండి. కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన సుగమ్య భారత్ యాప్‌లో పెట్టండి. లేదా కాయితం మీద రాసి, ఫోటో జతచేసి, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఫోటోల ఆఫీసు కనిపించాలె గాని, అక్కడ ఇబ్బంది పడుతున్న మనిషి మొఖం కాదు. ఆ మనిషిని అడగకుండా అస్సలు తియ్యొద్దు.

ఇంకొకటి. ర్యాంపు కడుతున్నప్పుడే వీల్‌చైర్ వాడే మనిషిని పిలిచి ఒక్కసారి ఎక్కించి చూస్తే, సగం తప్పులు సిమెంట్ ఆరకముందే తెలుస్తయ్. మీ ఊర్లో పంచాయతీ ఆఫీసుకో, బడికో ర్యాంపు కడుతుంటే ఈ మాట మీరే చెప్పండి.

అన్న టౌన్‌కు బయల్దేరే ముందు గ్లాసెడు నీళ్లు ధైర్యంగా తాగి రావాలె. అంతే, అంతకన్నా పెద్ద కోరిక ఏం లేదు. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా.