తిమ్మమ్మ మర్రిమాను

అమెరికాలోని మారిపోసా సెకోయా వృక్షవాటికను 1864లో లింకన్ సంతకముతో రక్షించిరని విని అబ్బురపడు మనకు, కదిరి ప్రాంతపు గూటిబైలులో, ఒక్క మానే వనమై నిలిచియున్నది. సెకోయా ఆకసమున కెదుగును. మన మర్రి నేలపై విస్తరించును. కొమ్మలనుండి వ్రేలాడు దారములవంటి లేత ఊడలను, మట్టి నింపిన వెదురు గొట్టములలో నడిపించి, వాడిపోకుండ నేలకు దింపుదురు; వేరూనిన పిమ్మట అవియే స్తంభములై కొమ్మల బరువు మోయును. ఇట్లు వేయికి పైబడిన ఊడలతో, దాదాపు 5 ఎకరముల నీడ పరచిన యీ వృక్షము 1989లో గిన్నిస్ గ్రంథమున కెక్కినది. 1434లో తిమ్మమ్మ యను ఇల్లాలు సహగమనము చేసిన చితిగుంజయే చిగిర్చినదని జనశ్రుతి. ఆ దారుణమును తలచిన మనసు కలుక్కుమనును; అయినను, గొడ్డలివేటు పడకుండ ఆ మానును ఇన్ని తరములు కాచినది, ఆమె పేరిటి భక్తియే యని నా నమ్మకము. సంతానము కోరు దంపతులు నేటికిని అచ్చట మ్రొక్కుచున్నారు.